చిత్తుప్రతి, తరగతిగది, కంప్యూటరు

ఒకసారి వ్రాసినదాన్ని మళ్ళీ వ్రాయడమే రచనలో అధికభాగమన్న సంగతి రచయితలకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఐతే ఆ సంగతి విద్యార్థికి తెలియవచ్చే సందర్భం మన పాఠశాలల్లో మిక్కిలి అరుదు. వారానికొక వ్యాసరచన. ఉపాధ్యాయుడు నల్లబల్లమీద శీర్షిక వ్రాస్తాడు. నలభై నిమిషాల్లో పిల్లలు నోటుపుస్తకంలో రెండు పుటలు నింపుతారు. వారం తిరిగేసరికి ఆ పుటలు ఎర్రసిరా సున్నాలతో, ఒక అంకెతో తిరిగివస్తాయి. అప్పటికి నల్లబల్లమీద మరొక శీర్షిక సిద్ధంగా ఉంటుంది. తప్పులకు గుర్తు పడినది. వ్యాసం మాత్రం మారలేదు. 'మళ్ళీ వ్రాయి' అన్న మాట బడిలో వినబడేదల్లా శిక్షగానే: తప్పు వ్రాసిన మాటను పదిసార్లో ఇరవైసార్లో వ్రాసుకొని రమ్మనే ఇంపోజిషను. తిరిగివ్రాయడమంటే దండన అని బాల్యంలో నేర్చుకొన్నవాడు పెద్దయిన పిమ్మట తన వాక్యాన్ని తానే ప్రీతితో సవరించుకొంటాడని ఆశించడం కష్టం.

వర్డ్ ప్రాసెసరును తరగతిలోనికి తేవాలన్న ఆలోచన ఈ ఇబ్బందినుండి పుట్టినదే గాని కేవలం యంత్రవ్యామోహం వల్ల కలిగినది కాదు. 1971లో అమెరికాలో జానెట్ ఎమిగ్ పన్నెండవ తరగతి విద్యార్థులచేత పైకి ఆలోచిస్తూ వ్రాయించి, పూర్తి అయిన కాగితాన్ని కాక, వ్రాస్తున్న మనిషిని పరిశీలించినది. మరుసటి సంవత్సరం డొనాల్డ్ మర్రే రచనను వస్తువుగా కాక 'ప్రాసెస్'గా బోధించాలని వాదించాడు. ఈ మాటను 'ప్రక్రియ' అని తెలుగు చేయడం వాడుక అయినది గాని, మన విమర్శలో ప్రక్రియ అంటే కథ, నవల, నాటకం అన్న అర్థం స్థిరపడి ఉన్నది గనుక, ఇక్కడ 'వ్రాసే క్రమం' అనుకోవడమే మేలు. 1980లో నాన్సీ సామర్స్ విద్యార్థులను, చేయితిరిగిన రచయితలను పక్కపక్కన నిలబెట్టి చూచినది. దిద్దడమంటే విద్యార్థులకు ఒక మాట తీసి మరొక మాట పెట్టడం. అనుభవజ్ఞులకు తాము చెప్పదలచినది ఏమిటో, దాని ఆకారం ఏదో వెదుక్కోవడం. అదే సంవత్సరం సేమోర్ పాపర్ట్ తన 'మైండ్‌స్టార్మ్స్' గ్రంథంలో మరొక కోణం చూపించాడు. పిల్లవాడికి కలంతో ఒక పుట తిరిగివ్రాయడం ఎంత శ్రమ అంటే, వాడి చిత్తుప్రతే శుద్ధప్రతి అయి కూర్చుంటుంది. తన వ్రాతను విమర్శకుడి కంటితో తిరిగి చదివే నేర్పు వాడికి ఎన్నడూ అలవడదు. ఈ శ్రమను యంత్రం తీసివేస్తే, వ్రాతంటే విముఖుడైన పిల్లవాడు కొద్ది వారాల్లోనే దానిలో మునిగిపోవడం తాను చూచానని ఆయన వ్రాశాడు.

యంత్రం పుట్టినది మాత్రం పిల్లలకోసం కాదు, ఆఫీసులకోసం. 1964లో ఐ.బి.యం. సంస్థ అయస్కాంతపు టేపును జతచేసిన టైపురైటరు ఒకటి విడుదల చేసినది. కొట్టిన అక్షరాలు టేపుమీద నిలిచి ఉంటాయి. తప్పినచోట వెనక్కు వచ్చి పైన కొడితే టేపుమీద పాతది పోయి కొత్తది నిలుస్తుంది. ఆఖరున యంత్రమే శుద్ధప్రతిని కొట్టి ఇస్తుంది. 1968లో లండనులో లెన్ డైటన్ అనే నవలాకారుడు దానిని అద్దెకు తెచ్చుకొన్నాడు. కిటికీ తీసివేసి క్రేనుతో ఇంటిలోనికి ఎక్కించవలసివచ్చిన ఆ యంత్రంమీద సిద్ధమైన 'బాంబర్' నవల 1970లో వెలువడినది. వర్డ్ ప్రాసెసరుమీద తయారైన మొట్టమొదటి నవల అదేనని సాహిత్యచరిత్రకారులు అంటున్నారు. నవల డైటన్‌దే అయినా కీలు నొక్కినది ఆయన కార్యదర్శిని ఎల్లెనర్ హాండ్లీ. సాహిత్యచరిత్రలో ఇట్టి లేఖకుల పేర్లు నిలవడం తక్కువ గనుక ఈ పేరు చెప్పుకోవడం న్యాయం. 1976లో ఎలక్ట్రిక్ పెన్సిల్, 1978లో వర్డ్‌స్టార్ చిన్న కంప్యూటర్లమీదికి వచ్చాయి.

బడిపిల్లలను దృష్టిలో పెట్టుకొని తయారుచేసిన ప్రోగ్రాములలో పేరు పడినది 1982 నాటి 'బ్యాంక్ స్ట్రీట్ రైటర్'. న్యూయార్కులోని బ్యాంక్ స్ట్రీట్ ఉపాధ్యాయ కళాశాల దాని రూపకల్పనలో పాలుపంచుకొన్నది. అందులో ఒక చిత్రమైన ఏర్పాటు ఉండేది. వ్రాయడం ఒక గది, దిద్దడం మరొక గది అన్నట్లు రెండు స్థితులు. వ్రాస్తున్నంతసేపు వెనుకటి పంక్తులమధ్య తిరగడం కుదరదు. తిరిగి దిద్దాలంటే ఒక కీ నొక్కి దిద్దే స్థితిలోనికి పోవాలి. తరువాతి ప్రోగ్రాములు ఈ గోడను పడగొట్టి దానిని అసౌకర్యం కిందనే లెక్కవేశాయి. కాని ఒక్కొక్క వాక్యం దగ్గర ఆగి, దిద్ది, విసిగి, నాలుగో వాక్యానికి చేరని వారి సంగతి తెలిసినవారికి ఆ గోడ అంత పనికిమాలినదిగా తోచదు.

ఆ కాలంలోనే మరొక సాహసం జరిగినది. 1983లో స్టీఫెన్ మార్కస్, షెరిడన్ బ్లౌ అనే అధ్యాపకులు విద్యార్థులచేత కంప్యూటరు తెర ఆర్పించి వ్రాయించారు. అక్షరాలు యంత్రంలో చేరుతుంటాయి, కంటికి కనబడవు. వెనక్కు పోయి దిద్దడానికి ఏమీ లేదు గనుక ఆలోచన ముందుకే నడవాలి. తీరా తెర వెలిగించి చూస్తే అచ్చుతప్పులు కుప్పలుగా ఉంటాయి, వాటితోబాటు విద్యార్థి తాను వ్రాయగలనని అనుకోని వాక్యాలూ కొన్ని ఉంటాయి. తెలుగువారికి ఇది మరీ వింత కాకూడదు. అష్టావధానంలో అవధాని ఒక్కొక్క పృచ్ఛకుడికి ఒక్కొక్క పాదం చెబుతూ, ఆవృత్తికి ఆవృత్తి వదలిన పద్యాన్ని అందుకొంటూ, చివర అన్నిటినీ ధారణ చేస్తాడు. కాగితం అతడి ముందు ఉండదు. తాటాకుమీద ఘంటంతో గీసిన అక్షరాన్ని చెరపడం సాధ్యం కాని రోజుల్లో పద్యం ముందు నోటిలోనో మనసులోనో సిద్ధం కావలసినదే. చిత్తుప్రతి అనేది కాగితం చౌక అయిన తరువాత కలిగిన సౌఖ్యం; తెర ఆ సౌఖ్యాన్ని ఇంకా పెంచినది.

ఇంతకూ ఈ యంత్రంవల్ల పిల్లల వ్రాత బాగుపడినదా? 2007లో స్టీవ్ గ్రాహం, డొలోరెస్ పెరిన్ అనే పరిశోధకులు నాలుగో తరగతినుండి పన్నెండో తరగతివరకు జరిగిన అనేక ప్రయోగాల ఫలితాలను క్రోడీకరించారు. విద్యార్థుల వ్రాతలలో సహజంగా ఉండే హెచ్చుతగ్గులను ఒక మూరగా భావిస్తే, వర్డ్ ప్రాసెసరు వాడినవారి లాభం 0.55 మూర. తక్కువేమీ కాదు. కాని ఎట్లా యోజన చేసుకోవాలో, ఎట్లా తిరిగిచూచుకోవాలో ఉపాధ్యాయుడు విడమరచి నేర్పినచోట లాభం 0.82. రచనతో సంబంధం లేకుండా వ్యాకరణాన్ని విడిగా బోధించినచోట లాభం లేకపోగా 0.32 నష్టమే కనబడినది. ఇవి ప్రధానంగా ఇంగ్లీషు వ్రాసే పిల్లల లెక్కలు; మన లెక్కలు వేరుగా ఉండవచ్చు. అయినా యంత్రం ఒక్కటే ఇవ్వగలిగినది ఎంత, ఉపాధ్యాయుడు ఇవ్వవలసినది ఎంత అన్న తారతమ్యం వీటిలో స్పష్టంగానే ఉన్నది. యంత్రం చేతికి వచ్చిన విద్యార్థి తనకు అదివరకే తెలిసిన దిద్దుబాటునే, అనగా ఒక మాట తీసి మరొక మాట పెట్టడాన్నే, ఇంకా వేగంగా చేస్తాడు. ఆకారాన్ని మార్చడం ఎవరైనా చూపిస్తే తప్ప తెలియదు.

చూపించడానికి నలభైమందికి నలభై యంత్రాలు అక్కరలేదు. ఒక కంప్యూటరు, గోడమీదికి వెలుగు పంపే ప్రొజెక్టరు చాలు. 'మా ఊరి చెరువు' అన్న విషయంమీద తరగతి అంతా ఒక్కొక్క వాక్యం చెబుతూంటే ఉపాధ్యాయుడు టైపు చేస్తాడనుకొందాం. 'మా ఊరిలో ఒక చెరువు ఉన్నది. అది చాలా పెద్దది. దానిలో చేపలు ఉన్నాయి' అని పాఠ్యపుస్తకం ధోరణిలో మొదలవుతుంది. ఆరో వాక్యం దగ్గర వెనుకబెంచీనుండి ఎవరో 'నిరుడు అది ఎండిపోయింది' అంటారు. ఆ వాక్యాన్ని పట్టుకొని అందరి కళ్ళముందే పైకి తెచ్చి మొదట పెట్టాలి. పెట్టగానే తక్కినదంతా కదలబారుతుంది. 'అది ఎండిపోయింది' అంటే ఏది? 'చేపలు ఉన్నాయి' అనడం ఇక చెల్లదు, 'ఉండేవి' అనాలి. 'చాలా పెద్దది' అన్న వాక్యం కొత్త బరువు సంతరించుకొంటుంది, లేక తీసివేయవలసి వస్తుంది. 'ఐనా', 'అప్పటిదాకా' వంటి మాటలు ఎందుకున్నవో పిల్లలకు తెలిసివస్తుంది. ఒక వాక్యం చోటు మారితే ఎన్ని వాక్యాలు మారాలో కాగితంమీద చూపడానికి ఉపాధ్యాయుడికి ఓపిక చాలదు, నల్లబల్లమీద చోటు చాలదు.

తెలుగుభాషకే చక్కగా అమరే మరొక అభ్యాసం పేరు మార్పిడి. ఒక కథలో 'రామయ్య' అన్న పేరు ఉన్నచోటల్లా 'సీతమ్మ' అని మార్చమంటే యంత్రం క్షణంలో మారుస్తుంది. తెరమీద 'సీతమ్మ పొలానికి వెళ్ళాడు' అని కనబడుతుంది, తరగతి నవ్వుతుంది. ఆపైన ప్రతి క్రియనూ చేతితో వెదకి మార్చుకోవలసినవారు విద్యార్థులే. 'వెళ్ళింది' అనాలా, 'వెళ్ళారు' అనాలా? సీతమ్మ పొలంపని చేసుకొనే మనిషి గనుక 'వెళ్ళింది' అని ఒకరంటే, మా అమ్మమ్మ వయసు గనుక 'వెళ్ళారు' అని మరొకరంటారు. రామయ్య ముసలివాడైనా అతడికి 'వెళ్ళాడు' ఎవరికీ ఎబ్బెట్టు అనిపించకపోవడం అప్పుడు బయటపడుతుంది. కథకుడు తన పాత్రను ఏ ఎత్తునుండి చూస్తున్నాడన్నది మన భాషలో ప్రతి క్రియాంతంలోనూ నమోదవుతుంది. ఇదే అభ్యాసాన్ని మలయాళంలో చేస్తే క్రియ కదలదు. బెంగాలీలో స్త్రీపురుష భేదానికి కదలదు గాని గౌరవభేదానికి కదులుతుంది. హిందీలో రెంటికీ కదులుతుంది. అనువాదం చేసేవారు ఏళ్ళ తరబడి పడే తంటా ఒకటి ఏడో తరగతివారికి ఒక పీరియడులో అందుతుంది.

ఈ అభ్యాసంలోనే ఒక అపాయం కూడా ఉన్నది. అది మరింత వినోదకరం. 'రామయ్య' అని గాక 'రామ' అని వెదకి 'సీత' అని మార్చమంటే, 'రామచిలుక' కాస్తా 'సీతచిలుక' అవుతుంది, 'విరామం' 'విసీతం' అవుతుంది. కొన్ని ప్రోగ్రాముల్లో 'గ్రామం' సైతం చెడిపోతుంది. కారణం, మనం ఒకే అక్షరంగా చదివే 'గ్రా' యంత్రం లోపల గకారం, హల్లు గుర్తు, రకారం, దీర్ఘం అన్న నాలుగు సంకేతాల వరుస. అందులో 'రా' దాగి ఉన్నది. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికి ఆరు సంకేతాలు. టైపు చేసి బ్యాక్‌స్పేసు ఒక్కొక్కసారే నొక్కితే ముందు గుడిదీర్ఘం పోతుంది, తరువాత క్రావడి, ఆపైన హల్లు గుర్తు, తవత్తు, మళ్ళీ హల్లు గుర్తు పోయి చివరకు సకారం మిగులుతుంది. పలకమీద గుణింతం, ఒత్తులు వల్లెవేయించిన పద్ధతికి ఇంతకంటె దగ్గరి నిదర్శనం దొరకదు. ఒకటో తరగతి పంతులుగారు చెప్పినదే యంత్రమూ చెబుతున్నది: అక్షరం ముక్కలనుండి కట్టినదని.

ఐతే ఈ పాఠం అందరికీ అందడం లేదు. అందుకు కారణం తెలుగును యంత్రానికి అందించే మార్గాలలో ఉన్నది. మన ప్రాంతంలో కంప్యూటరు ముందుగా వచ్చినది అచ్చుపనికి; రచనపనికి కాదు. రచయిత కాగితంమీద వ్రాసి ఇస్తే డి.టి.పి. ఆపరేటరు కంపోజు చేసేవాడు. ఒక్కొక్క సంస్థ ఫాంటుకు ఒక్కొక్క సంకేతపద్ధతి. ఒక యంత్రంలో వ్రాసినది మరొకదానిలో తెరిస్తే అర్థంలేని గీతలు. శుద్ధప్రతికి తప్ప చిత్తుప్రతికి అది పనికిరాని ఏర్పాటు. 1991లో యూనికోడు తొలి ప్రమాణంలోనే తెలుగుకు స్థానం దొరికినా, అది సామాన్యుల యంత్రాలకు చేరడానికి మరొక దశాబ్దం పట్టినది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చినది. ఈ లోపల అమెరికాలో ఉన్న తెలుగువారు రోమను అక్షరాలతో తెలుగు వ్రాసే పద్ధతులు కల్పించుకొన్నారు. రైస్ విశ్వవిద్యాలయం పేరు మోసిన ఆర్.టి.ఎస్. వాటిలో ప్రసిద్ధం. చిన్న 'ఎల్' కొడితే లకారం, పెద్ద 'ఎల్' కొడితే ళకారం. అవసరం నేర్పిన తెలివి అది. దానిని తక్కువ చేయరాదు. ఆ పద్ధతిలో వ్రాసేవాడికి ఏది ల, ఏది ళ అన్నది తెలిసి ఉండవలసిందే.

నేటి ఫోన్లలోని పద్ధతి వేరు. పిల్లవాడు రోమను లిపిలో ఏదో ఉజ్జాయింపుగా కొడతాడు. యంత్రం ఊహించి నాలుగు మాటలు చూపిస్తుంది. వాడు ఒకదాన్ని ఎన్నుకొంటాడు. 'బార్య' అన్నట్లు కొట్టినా 'భార్య' వస్తుంది. అల్పప్రాణ మహాప్రాణ భేదం, ణకార నకార భేదం ఇక వ్రాసేవాడి వేళ్ళకు తెలియనక్కరలేదు, గుర్తుపట్టగలిగితే చాలు. చదవగలిగి వ్రాయలేని భాషగా తెలుగు తయారవుతున్నదన్న ఫిర్యాదు నగరాల ఇళ్ళలో వినబడుతున్నదే. ఈ కీబోర్డు ఆ స్థితికి కారణం కాకపోయినా దానిని సుఖంగా నిలిపి ఉంచుతున్నది. ఇంకొక సంగతి. తెలుగు మాటకోసం ముందు ఇంగ్లీషు అక్షరాలు తలచుకొనే విద్యార్థి మనసులో తెలుగు మాట రెండవమెట్టుమీద నిలబడి ఉంటుంది. పెద్దవారు ఎట్లా టైపు చేసుకొన్నా నష్టం లేదు. వారికి లిపి ముందే వచ్చు. లిపి ఇంకా కుదురుకోని వయసులో మాత్రం ఈ దారి సరికాదు.

పాఠశాలకు తగినది ఇన్‌స్క్రిప్టు కీబోర్డు. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ విభాగం 1986లో ప్రమాణీకరించిన ఈ అమరికలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి వస్తాయి. బ్రాహ్మినుండి పుట్టిన లిపులన్నిటికీ ఒకే చోట ఒకే ధ్వని. బళ్ళారిలో కన్నడం చదువుకొనే తెలుగు పిల్లవాడు అవే వేళ్ళతో రెండు భాషలూ వ్రాయగలడు. హోసూరు పిల్లవాడికి ఈ సౌలభ్యం పూర్తిగా లేదు. తమిళనాడు ప్రభుత్వం 1999లో తమిళానికి వేరే అమరిక నిర్ణయించుకొన్నది, దానికి దాని కారణాలున్నవి. ఇన్‌స్క్రిప్టు తొలి వారాల్లో విసుగు పుట్టించే మాట నిజమే. పలకమీద 'అ' దిద్దిన వారాలూ అట్టివే.

వర్డ్ ప్రాసెసరులోని తప్పొప్పుల తనిఖీ ఇంకొక చిక్కు. ఇంగ్లీషులో ఒక ధాతువుకు నాలుగైదు రూపాలుంటాయి. నిఘంటువును యంత్రానికి ఎక్కిస్తే చాలావరకు పని జరుగుతుంది. తెలుగులో ఒక్క ధాతువుమీద ప్రత్యయాలు, అవ్యయాలు, సంధులు చేరి లెక్కకు మిక్కిలి రూపాలవుతాయి. 'వచ్చినప్పటినుంచీ', 'ఇంటికెళ్ళకుండానే' వంటివి ఎవరు వ్రాసినా ఒప్పే, ఏ నిఘంటువులోనూ దొరకవు. కనుక ఒప్పైన మాటలకింద కూడా ఎర్రగీతలు పడతాయి. పెద్ద రచయిత ఆ గీతను చూచి నవ్వుకొంటాడు. విద్యార్థి భయపడి, సంధి విడగొట్టి, మాటను ముక్కలుచేసి గీత పోగొట్టుకొంటాడు. వాడి వాక్యం యంత్రానికి ఇష్టమైన తెలుగు అవుతుంది.

ఇంతకంటె లోతైన ప్రశ్న, ఆ నిఘంటువు ఎవరి తెలుగు అన్నది. విద్యార్థి వ్యాసంలో ఏ భాష ఉండాలన్న వివాదం మనకు కొత్తది కాదు. గత శతాబ్దం రెండవ దశకంలో మద్రాసు రాష్ట్రాన్ని ఊపివేసిన గ్రాంథిక వ్యావహారిక వాదం చాలామేరకు పాఠశాలల కంపోజిషను చుట్టూనే తిరిగినది. గిడుగు రామమూర్తి పంతులుగారు తమ 'మెమొరాండం' ప్రకటించినది 1913లో. నాడు పక్షాలు రెండూ బహిరంగంగా వాదించుకొన్నాయి, కమిటీలముందు నిలిచాయి, పత్రికలకెక్కాయి. నేడు ఆ తీర్పును ఎర్రగీత నిశ్శబ్దంగా చెబుతున్నది. తెలంగాణపు పిల్ల 'పోయిండు' అని వ్రాస్తే గీత, రాయలసీమ పిల్లవాడు 'పోయినాడు' అని వ్రాస్తే గీత లేకపోవచ్చు. 'వెళ్ళాడు', 'వెళ్లాడు' రెండూ అచ్చులో ఉన్నవే. యంత్రం ఒకదానిని ఒప్పుకొని మరొకదానిని తోసిపుచ్చవచ్చు. కథలో సంభాషణకు ఏది తగునో, వ్యాసానికి ఏది తగునో విద్యార్థితో కూర్చొని ఆలోచించవలసినది ఉపాధ్యాయుడు. తెలుగు వ్యాసం వ్రాసేటప్పుడు ఆ తనిఖీని ఆపివేసి, చిట్టచివర మాత్రమే తెరిచి, ప్రతి గీతనూ 'ఇది తప్పా, యంత్రం అజ్ఞానమా' అని పిల్లలచేతనే విచారింపజేయడం నేటికి ఉత్తమం. ఆ విచారణ మంచి వ్యాకరణపాఠం కూడా అవుతుంది.

మాతృభాషలో బడిపిల్లల వ్రాతకు కంప్యూటరును ఒక రాష్ట్రం పూనికతో వినియోగించిన ఉదాహరణ కేరళలో ఉన్నది. 2001లో అక్కడ ఐ.టి. ఎట్ స్కూల్ పథకం ఆరంభమైనది. క్రమంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు, మలయాళ యూనికోడుకు మారినది. వారి స్కూల్‌వికీలో పాఠశాలలు తమ తమ చరిత్రలు, ఊరి విశేషాలు, పిల్లల రచనలు మలయాళంలో కూర్చుకొంటున్నవి. ఆ పుటలన్నీ ఉత్తమరచనలని ఎవరూ అనరు. కాని వాటిలో ఏ పుటా ఒక్కసారితో ముగియనక్కరలేదు. వికీ స్వభావమే అది: ఎవరు ఏ వాక్యం ఎప్పుడు మార్చారో అన్ని పాఠాలూ వరుసగా నిలిచి ఉంటాయి.

ఈ నిలిచి ఉండడం చిన్న విషయం కాదు. తెరమీద దిద్దినవాడి చిత్తుప్రతి మాయమవుతుంది. సాహిత్యవిమర్శకు ఇది నష్టమని చాలామంది గ్రహించారు. రవీంద్రనాథ టాగూరు తన వ్రాతప్రతుల్లో కొట్టివేసిన పంక్తులను గీతలతో కలిపి ఆకారాలుగా మలిచేవాడు. 'పూరబి' వ్రాతప్రతిలోని ఆ కొట్టివేతలలోనుండే ఆయన చిత్రకళ పుట్టినదని చెబుతారు. 2013లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం వెలువరించిన 'బిచిత్ర' అనే సంకలనంలో టాగూరు వ్రాతప్రతులు, ముద్రిత పాఠాలు కంప్యూటరు ద్వారా పక్కపక్కన సరిపోల్చి చూడవచ్చు. అనగా పాఠాలను చెరిపివేయగల యంత్రమే వాటిని నిలిపి చూపగలదు కూడా. విద్యార్థి విషయంలోనూ అంతే. ప్రతి పీరియడు చివర వ్యాసాన్ని కొత్త పేరుతో దాచమంటే నెలకు నాలుగు ప్రతులు మిగులుతాయి. మార్పులను రంగులో చూపే సదుపాయం నేటి ప్రోగ్రాములన్నిటిలో ఉన్నది. మొదటి ప్రతిని, నాలుగవ ప్రతిని పక్కపక్కన పెట్టి, ఏది ఎందుకు మార్చావో నాలుగు వాక్యాల్లో వ్రాయమనడం ఏ శీర్షికమీద వ్యాసంకంటెనైనా ఫలవంతమైన రచనాభ్యాసం. మార్కులు ఆ నాలుగు వాక్యాలకు ఇవ్వవచ్చు.

2022 నవంబరు తరువాత ఈ పద్ధతికి మరొక అవసరం ఏర్పడినది. శీర్షిక చెబితే వ్యాసం వ్రాసిపెట్టే కృత్రిమమేధ చాట్‌జీపీటీ రూపంలో అందరికీ అందినది. నేడు అది వర్డ్ ప్రాసెసరులోనే ఒక బటనుగా కూర్చున్నది. గైడునుండి వ్యాసం కంఠస్థం చేసి అప్పగించే అలవాటు మనకు ఎప్పటినుండో ఉన్నదే గనుక ఇందులో ఆశ్చర్యపడవలసినది తక్కువ. గైడుకు చేతివ్రాత శ్రమ అయినా ఉండేది, దీనికి అదీ లేదు. శుద్ధప్రతిని మాత్రమే అడిగే బడికి ఆ బటనును ఎదుర్కొనే ఉపాయం లేదు.

మిగిలిన అడ్డంకి పరీక్ష. రెండు తెలుగు రాష్ట్రాల్లోను పదవ తరగతి పబ్లిక్ పరీక్ష నేటికీ కలంతో వ్రాయవలసినదే. 1997లో మైకేల్ రస్సెల్, వాల్ట్ హేనీ అనే పరిశోధకులు మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఒక పాఠశాలలో, కంప్యూటరుమీద వ్రాయడానికి అలవాటుపడిన పిల్లలను రెండు జట్లుచేసి, ఒక జట్టుకు కాగితంమీద, ఒక జట్టుకు కంప్యూటరుమీద పరీక్ష పెట్టారు. కంప్యూటరుమీద వ్రాసినవారు ఎంతో మెరుగుగా వ్రాశారు. అదే తరహా పిల్లలు కాగితంముందు తమకున్న శక్తికంటె తక్కువగా కనబడ్డారు. తరగతిలో తెరను, పరీక్షలో కాగితాన్ని పెట్టే బడి ఈ నష్టాన్ని పిల్లల ఖాతాలో వేస్తున్నదన్నమాట. కనుక తొమ్మిదో తరగతి వరకు తెరమీద నేర్చిన దిద్దుబాటును చివరి సంవత్సరంలో కాగితంమీదికి మరల్చే అభ్యాసం ఒకటి విధిగా ఉండాలి: పంక్తి విడిచి పంక్తి వ్రాయడం, ఎడమప్రక్క పుటను దిద్దుబాట్లకు ఖాళీగా వదలడం, వాక్యాన్ని బాణపుగుర్తుతో పైకి జరపడం. పాతకాలపు ప్రూఫురీడర్లకు, పత్రికా ఉపసంపాదకులకు తెలిసిన ఈ గుర్తులను ఒక పీరియడులో నేర్పవచ్చు. అట్టి కొట్టివేతలున్న జవాబుపత్రానికి 'అశుభ్రత' పేరిట మార్కు తగ్గించకుండా పరీక్షకులకు సూచన ఇవ్వవలసినది పరీక్షల శాఖవారు.